ఒకే రేకు, అనేక రంగులు

చింతామణి నుండి మదనపల్లె దారి పట్టిపోతే ఒకప్పటి చిత్తూరు జిల్లా మొదలవుతుంది. ఆ జిల్లాలో చిత్తూరుకు సమీపాన నందనూరు అనే చిన్న పల్లె ఉంది. జగద్విఖ్యాత చిత్రకారుడు, శిల్పి కృష్ణారెడ్డి 1925 జూలై 15న ఆ ఊరిలో జన్మించారు.

చిత్రకళపై మక్కువ ఆయనను శాంతినికేతనానికి చేర్చింది. అక్కడి కళాభవనంలో నందలాల్ బోసు వద్ద చిత్రలేఖనం నేర్చుకున్నారు. 1943 నాటి బెంగాలు కరువు ఆయన విద్యార్థిగా ఉన్న కాలంలోనే వచ్చింది. చదువు ముగిశాక మద్రాసులోని కళాక్షేత్రంలో చిత్రకళాశాఖకు అధిపతిగా పనిచేశారు. 1949లో లండను వెళ్లి హెన్రీ మూర్ వద్ద శిల్పకళ అభ్యసించి, అటుపై పారిస్ నగరం చేరారు.

రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన రోజులవి. యుద్ధకాలంలో న్యూయార్కుకు తరలిపోయిన ‘అటెలియే 17’ అనే ముద్రణ కార్యశాల 1950లో పారిస్‌కు తిరిగివచ్చింది. దానిని నడిపేవారు హేటర్. అక్కడ గురువు, శిష్యుడు అన్న దూరం లేదు. నానా దేశాల కళాకారులు పక్కపక్కన నిలబడి పనిచేసేవారు. శిష్యుడిగా అడుగుపెట్టిన కృష్ణారెడ్డి 1965 నాటికి ఆ కార్యశాలకు సహసంచాలకులయ్యారు.

లోహపు రేకుపై బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితంపై అచ్చు తీయడం పాత విద్యే. అయితే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రేకు కావలసివచ్చేది. కాగితం వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడేది. హేటర్, కైకో మోతీలతో కలిసి కృష్ణారెడ్డి దీనికి ఉపాయం కనిపెట్టారు. రేకును శిల్పంలా ఎత్తుపల్లాలుగా చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపిన పలుచని రంగును గట్టి రోలరుతో పూస్తే అది మిట్టలకే అంటుతుంది. తరువాత చిక్కని రంగును మెత్తని రోలరుతో పూస్తే అది పల్లాలలోకి దిగుతుంది. మిట్టలపైనున్న పలుచని రంగు చిక్కని రంగును తనపై నిలవనీయదు. రెండు రంగులూ ఒకే రేకుపై కలవకుండా ఉంటాయి. ఒక్క అచ్చుతో కాగితంపైకి వస్తాయి. వినడానికి సులువుగానే ఉంటుంది గాని, నూనె పాలు కాస్త తప్పితే రంగులన్నీ కలగాపులగమే.

1963లో చేసిన ‘సుడిగుండం’ ఈ పద్ధతికి చక్కని ఉదాహరణ. 1968లో పారిస్ వీధులలో విద్యార్థులు తిరగబడినప్పుడు ఆయన ‘ప్రదర్శనకారులు’ అనే చిత్రం చెక్కారు. 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది.

1976లో న్యూయార్కులో స్థిరపడి అక్కడి విశ్వవిద్యాలయంలో ముద్రణకళ బోధించారు. సర్కసులో చూసిన హాస్యగాడు ఆయన మనసును వదలలేదు. ఆ చిత్రానికే 1981 నుండి 1986 వరకు శ్రమించి, ఆ రేకునుండే వేరువేరు రంగులలో అచ్చులు తీశారు. నవ్వించేవాడి ఒంటరితనం అందులో కనిపిస్తుంది.

తాను కనుగొన్న విద్యను ఆయన దాచుకోలేదు. దేశదేశాలలో విద్యార్థులకు చేసి చూపించారు; 1988లో పుస్తకంగానూ వెలువరించారు. 2018 ఆగస్టు 22న న్యూయార్కులో, తొంభైమూడేళ్ల వయసులో కన్నుమూశారు.