ప్రజలను మరువని సలహాదారు: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరాన్ని ముంచివేసినది. కొద్ది గంటలలో వేలాది ఇండ్లు నేలమట్టమైనవి. మృతులు పదిహేను వేల మంది ఉందురని ఒక అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొన్నారని నగరవాసులు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. ఇట్టి విపత్తు మరల రాకుండ మార్గం చెప్పగల నిపుణుని కొరకు నిజాం ప్రభుత్వం వెదకినప్పుడు పిలుపునందుకొన్నవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

ఆయన పూర్వికులది గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండం గ్రామం. మైసూరు సీమకు వలసపోయిన ఆ తెలుగు కుటుంబంలో, ముద్దెనహళ్లిలో, 1861 సెప్టెంబరు 15న ఆయన జన్మించినారు. బాల్యంలోనే తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు గతించినారు. తల్లి వెంకటలక్ష్మమ్మగారి పట్టుదల, పిల్లలకు పాఠాలు చెప్పి తాను సంపాదించుకొన్న కొద్దిపాటి సొమ్ము ఆయనను బెంగుళూరు సెంట్రల్ కళాశాల మెట్లెక్కించినవి. పూనాలో ఇంజనీరింగు ముగించి, 1884లో బొంబాయి ప్రభుత్వపు కొలువులో చేరినారు.

ఆ కొలువులోనే ఆయన పనితీరు రూపుదిద్దుకొన్నది. సింధు దేశంలోని సుక్కూరు పట్టణానికి మంచినీరు కావలసివచ్చినది. నదిలో నీరు బురదమయం. వడపోత తొట్లు కట్టించుటకు పురపాలక సంఘానికి ధనం లేదు. విశ్వేశ్వరయ్యగారు ఇసుకనే వడపోత సాధనంగా గ్రహించి, నదీగర్భంలో బావి త్రవ్వించి, అందులో ఊరిన తేటనీటిని పట్టణానికి అందించినారు. పుస్తకంలోని పద్ధతి కన్న ఊరివారి శక్తి ఆయనకు ముఖ్యమైనది.

పూనా ప్రాంతపు కాలువల క్రింద మరొక చిక్కు ఎదురైనది. నీరందిన కొద్ది ఊళ్ల రైతులు చెరకు వేసి లాభపడుచుండగా, దిగువ గ్రామాలు కాలువను చూచి తృప్తిపడవలసి వచ్చెడిది. ఆయన పొలాలను ఖండాలుగా విభజించి, మూడవ వంతు చెరకు, మూడవ వంతు వరి, మిగిలినది మెట్టపైరు అను క్రమంలో, పంటలు మారునట్లు ఏర్పాటుచేసినారు. ఉన్న నీరే ఎక్కువ గ్రామాలకు పంచుట దీని పరమార్థం. చెరకు పండించు మన చోడవరం రైతుకు ఈ న్యాయం వేరుగ విప్పి చెప్పనక్కరలేదు.

కొలువు విడిచి విదేశయాత్రలో ఉండగా హైదరాబాదు పిలుపు అందినది. 1909లో వచ్చిన ఆయన తక్షణమే ఆనకట్ట కట్టుడని చెప్పలేదు. మొదట వానను లెక్కించినారు. నదీ పరీవాహకంలోని చెరువులను లెక్కించినారు. 788 చెరువులుండగా వాటిలో 221 తెగిపోయినట్లు తేలినది. ఒక చెరువు తెగి మరొకదానిపై పడుట చేతనే నది అంత ఉగ్రరూపం దాల్చినదని తెలుసుకొన్నారు. అటుపిమ్మట నగరానికి ఎగువను మూసీ మీద, ఈసీ మీద వరదనీటిని నిలువరించు జలాశయాలు నిర్మింపుమని సలహా ఇచ్చినారు. ఆ ప్రకారం ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి. కట్టిన కీర్తి స్థానిక ఇంజనీర్లది. హిమాయత్‌సాగర్ విషయంలో నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారి పేరు మరువరానిది. వరద తొలగించుటతో ఆయన సలహా ఆగలేదు. మురుగు పారుదల, నదీతీరపు ఉద్యానాలు, ఇరుకు వాడల సంస్కారం కూడా అందు చేరినవి. మురుగు పారుదల పని కొరకు తరువాతి కాలంలోను హైదరాబాదు వచ్చినారు. ప్రాణం కాపాడుటయే కాదు, బ్రతుకు బాగుపడవలెనన్నది ఆయన దృష్టి.

1912లో మైసూరు దివానైనారు. మైసూరు బ్యాంకు 1913లోను, విశ్వవిద్యాలయం 1916లోను వెలసినవి. ప్రాథమిక విద్యావ్యాప్తికి ఆయన పాటుపడినారు. అయితే బ్రాహ్మణేతర వర్గాలకు ఉద్యోగాలలో ప్రత్యేక స్థానం కల్పించు ఆలోచన ఆయనకు సమ్మతం కాలేదు; 1918లో పదవి వీడుటకు అదే ముఖ్యకారణం. యోగ్యతను కొలిచిన ఆ మహనీయుడు, యోగ్యత సంపాదించుకొను అవకాశమే లేనివారి బాధను తగినంత కొలవలేదని నేటి చదువరికి తోచుట సహజం. ఈ లోపాన్ని దాచి పొగడుట, కొలతనే నమ్మిన ఆయనకు న్యాయం కాదు.

తొంబది ఏండ్లు దాటిన పిమ్మట కూడ, గంగానదిపై మొకామా వంతెన విషయమై ఏర్పడిన సంఘానికి ఆయన సేవలందించినారు. 1955లో భారతరత్న లభించినది. 1962 ఏప్రిల్‌లో, నూరేండ్లు నిండిన పిమ్మట, బెంగుళూరులో కన్నుమూసినారు. ఆయన జన్మదినమును దేశం ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొనుచున్నది.

సలహాదారుడు వచ్చి పోవును. ఆ సలహాతో జీవింపవలసినవారు ప్రజలు. ఆ రెండు జలాశయాల ఎగువ భూములలో నిర్మాణాలను కట్టడిచేస్తూ 1996లో వెలువడిన ఉత్తర్వును 2022లో ప్రభుత్వం సడలించినప్పుడు పెద్ద చర్చ జరిగినది. 2020 అక్టోబరులో నగరం వరద పాలగుట అప్పటికి పాతకథ కాలేదు. 1909లో ఆయన చెరువులను ఎందుకు లెక్కించెనో అట్టి వేళలలో బోధపడుతుంది. కాబట్టి ఆయన జీవితాన్ని బోధించు ఉపాధ్యాయుడు బిరుదులను వల్లింపజేయుటతో సరిపుచ్చరాదు. విద్యార్థులను ఊరిచెరువు గట్టుకు తీసికొనిపోయి, ఆ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది, ఎవరికి అందుచున్నది, ఎవరికి అందకున్నది లెక్కవేయించిన చాలును. విశ్వేశ్వరయ్యగారి పాఠం అక్కడనే మొదలగును.