సర్ మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు

నాగావళీ తీరవాసులమగు మనకు నీటి మహిమను వేఱుగ నెవ్వరును బోధింప నక్కఱలేదు. వేసవియందు నది సన్నగిల్లినప్పుడు మన తల్లులు ఇసుకలో చెలమ త్రవ్వి, ఊరిన తేటనీటిని చిప్పతో తోడి కడవలకెత్తి యిండ్లకు దెచ్చెడివారు. అదే నది వానకాలమున పొంగివచ్చి గట్లు తెంచి, పంటలను ముంచుటయు మన మెఱిగినదియే. ఎచ్చెర్లయందు జరుగు ఈ వార్షిక మహాసభ సంచికకై యొక మహనీయుని చరిత్రమును వ్రాయుడని నిర్వాహకులు మమ్ము కోరినప్పుడు, ఆలయములు కట్టించిన ప్రభువులను గాని కావ్యములు రచించిన కవులను గాని యెన్నుకొనక, పట్టణములకు మంచినీరు దెచ్చి మురుగునీటిని వెడలించు విద్యలో పేరొందిన యొక యింజనీరుగారి జీవితమును ఎన్నుకొంటిమి. ఇందులకు హేతువును కడపట విన్నవింతుము.

విశ్వేశ్వరయ్యగారు 1860-61 ప్రాంతమున, సెప్టెంబరు 15వ తేదీన, మైసూరు సంస్థానమునందలి ముద్దెనహళ్లి గ్రామమున జన్మించిరి. జన్మభూమి కన్నడసీమ యైనను వారి యింటిపేరు తెలుగునాటిది. గిద్దలూరు ప్రాంతమందలి మోక్షగుండము వారి పూర్వుల నివాసము. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వేంకటలక్ష్మమ్మగారు. తండ్రి బాల్యముననే గతించుటచే కుటుంబమునకు లేమి యేర్పడెను. బాలుడు బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదువుచు, ఒక గృహమున పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనుచు, 1881లో బి. ఏ. పట్టమందెను. పిమ్మట మైసూరు ప్రభుత్వమువారు విద్యార్థివేతన మొసంగగా పూనా సైన్సు కాలేజీలో చేరి, 1883లో ఇంజనీరింగు పరీక్షయందు ప్రథముడుగా నుత్తీర్ణుడయ్యెను. ఆ వేతనమే లేకున్న ఈ చరిత్రమే యుండియుండదు. బీద విద్యార్థులకు చేయూత నిచ్చు మా దాతలు ఈ సంగతిని మనస్సున నుంచుకొందురు గాక.

1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో సహాయ ఇంజనీరుగా నాసికునందు ఆయన యుద్యోగము ప్రారంభమయ్యెను. పదియేండ్లకు, అనగా 1894-95లో, సింధుదేశమందలి సుక్కూరు పట్టణమునకు నీటిపథకమును నిర్మించు భారము ఆయనపై బడెను. సింధునది పట్టణము చెంతనే పాఱుచున్నను, ఆ నీరు బురదతో కలగియుండి త్రాగుటకు పనికిరాదు. వడపోత తొట్లు కట్టింపవలెనన్న మునిసిపాలిటీకి ధనము చాలదు. అప్పుడాయన నదిగర్భముననే బావి త్రవ్వించి, ఇసుకపొరలగుండ నూరివచ్చు తేటనీటిని గట్టునకు రప్పించి, యంత్రములచే పైకెత్తించి పంచిపెట్టు నేర్పాటు గావించిరి. మన తల్లులు త్రవ్విన చెలమ యేదో, సుక్కూరు బావియు తత్త్వమున నదియే. పామరులెఱిగిన యుపాయమును శాస్త్రపు కొలతలతో నొక పట్టణమునకంతటికిని చాలునట్లు పెంచుటయే ఆయన చేసిన పని.

తరువాత సూరతు, పూనా మున్నగు చోట్ల పనిచేసి, బొంబాయి ప్రభుత్వమునకు శానిటరీ ఇంజనీరుగా నియుక్తులైరి. పూనా నగరమునకు ఖడక్వాస్లాయందలి ఫైఫ్ తటాకము నీరు నొసగుచుండెను. ఏటేట వఱదనీరు అలుగుమీదుగా పొర్లి వ్యర్థమగుచుండ, వేసవిని నీటికి కఱవగుచుండెను. ఆనకట్టను ఎత్తుచేయుదమన్న పాతకట్టడము ఆ బరువును తాళునో తాళదో యను భయము. ఆయన 1903 ప్రాంతమున అలుగుమీద తమంతట తామే తెఱచుకొని మూసికొను తలుపులను అమర్పించిరి. నీరు నియతమైన మట్టమువఱకు నిలిచియుండును. వఱద వచ్చి మట్టము దాటినచో తలుపులు లేచి నీటిని విడుచును. వఱద తగ్గినతోడనే తిరిగి మూతపడును. కట్టను పెంపకయే సుమారు ఎనిమిది అడుగుల నీరు అదనముగా నిలిచెను. ఈ తలుపులకు పేటెంటు పొందియు, తానుద్యోగిగా చేసిన పనికి ప్రతిఫలము కూడదని ఆయన దానిపై ధనము నర్థింపలేదు. 1906లో నీటికి మొగమువాచియున్న ఏడెను రేవునకు బంపబడి, అచ్చటి మంచినీటికిని మురుగునీటికిని తగిన పథకముల నిచ్చి వచ్చిరి.

ఇంక మన తెలుగు ప్రజలు మఱవరాని ఘట్టము వచ్చుచున్నది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది హైదరాబాదు నగరముపై విఱుచుకొనిపడెను. ఎగువనున్న చెరువులు అనేకములు వరుసగా తెగి, ఆ నీరంతయు ఒక్కుమ్మడి నదిలో కూడెను. వేలకొలది యిండ్లు కూలెను. పదునైదువేలమందివఱకు మరణించిరని నాటి యంచనా. అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఆవరణమందలి యొక చింతచెట్టునెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఆ దినమునకు సాక్షిగా చెప్పబడుచున్నది. విశ్వేశ్వరయ్యగారు అప్పటికి బొంబాయి కొలువును విడిచి, ఐరోపా సంచారమున నుండిరి. నిజాము ప్రభుత్వమువారి యాహ్వానముపై వచ్చి, 1909 ఏప్రిలులో పనికి బూనుకొనిరి.

కొన్నినెలలపాటు వానలెక్కలను, వాగుల వాలును, చెరువుల స్థితిని పరీక్షించి ఆయన చేసిన నిర్ణయ మిది. వఱదను నగరములో నిలిచి యెదిరించుట వృథా. దానిని ఎగువనే పట్టవలెను. మూసీమీదను, దాని యుపనదియగు ఈసీమీదను పెద్ద జలాశయములు కట్టి, వఱద వచ్చినప్పుడు దానిని అందు తాత్కాలికముగా నిలిపి, దిగువ నది భరింపగలిగినంత మాత్రమే విడువవలెను. ఇట్లు ముంచు నీరే త్రాగునీరగును. ఏడవ నిజాము కాలమున, నవాబు అలీ నవాజ్ జంగుగారి వంటి ఇంజనీర్ల శ్రమచే, 1920లో ఉస్మాన్‌సాగరమును 1927లో హిమాయత్‌సాగరమును పూర్తియయ్యెను.

విశ్వేశ్వరయ్యగారు అంతటితో నిలువలేదు. నగరమునకు భూగర్భమున మురుగుకాల్వల పథకమును గూడ సిద్ధపఱచిరి. ఇంటికి నీరు తేలికగా వచ్చినకొలది వాడుక పెరుగును. వాడిన నీరంతయు మురుగై యెచటికో పోవలయును. త్రోవ చూపనిచో అది వీథిలో నిలుచును, బావిలో నింకును, నదిలో గలియును. కావున నీటిని తెచ్చుట సగము పని. పోవు త్రోవ చూపుట తక్కిన సగము. ఆయన యేడెనులోను హైదరాబాదులోను చేసిన పనినుండి మేము గ్రహించిన ముఖ్యధర్మ మిదియే.

1909 చివర మైసూరు సంస్థానమునకు చీఫ్ ఇంజనీరై, 1911లో కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణమును ప్రారంభించి, 1912లో దివానుపదవి నలంకరించిరి. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసెను. 1918 చివర ఆ పదవిని విడిచిరి. వెనుకబడిన వర్గములకు ఉద్యోగములలో ప్రత్యేకస్థానము లొసగు విషయమున మహారాజావారితో ఏకీభవింపకుండుట అందులకు ముఖ్యకారణము. యోగ్యతయే ప్రమాణమని ఆయన మతము. చదువే అందని వారి యోగ్యతను ఎట్లు కొలుతురని యితరుల ప్రశ్న. కులసంఘపు సంచికలో ఈ సంగతిని దాచుట మాకు ధర్మముగా తోపలేదు. ఈ ప్రశ్నయందు మేము రెండవ పక్షము వారము. అయినను ఆయన కట్టించిన జలాశయపు నీరు త్రాగువాని కుల మడుగలేదు.

పదవి వీడిన పిమ్మటను నాలుగు దశాబ్దములు ఆయనకు విశ్రాంతి లేదు. బెంగుళూరునకు అర్కావతీనదినుండి నీరు తెచ్చిన తిప్పగొండనహళ్లి జలాశయమునకును ఆయన సలహా తోడ్పడెను. 1955లో భారతరత్న బిరుదము లభించెను. నిండు నూఱేండ్లు జీవించి, 1962 ఏప్రిలునెలలో దివంగతులైరి.

ఆయన తరువాత హైదరాబాదు కథ మనకు హెచ్చరికవంటిది. 1911లో నగర జనాభా సుమారు 5 లక్షలు. 2011లో మహానగర పాలకసంస్థ పరిధియందు 67 లక్షలు. జంట జలాశయములు చాలక మంజీర నుండియు, తరువాత కృష్ణా గోదావరుల నుండియు దూరపు గొట్టములలో నీరు తేవలసివచ్చెను. నీటిని మురుగును ఒక్కచేతి క్రింద నుంచుటకై 1989లో ప్రత్యేక బోర్డు నేర్పఱచిరి. కాని నీరు వచ్చినంత వేగముగా మురుగు త్రోవలు పెరుగలేదు; మూసీ మురుగునదియయ్యెను. వాననీటి నాలాలను ఇండ్లు ఆక్రమించుటచే 2020 అక్టోబరులో వీథులే వాగులైనవి. మఱియొక చిక్కు కంటికి కానరానిది. నీటిగొట్టమును మురుగుగొట్టమును చేరువగా నున్నచోట, నీరు విడువని వేళలలో వట్టిపోయిన గొట్టము చిల్లులగుండ మురుగును లోనికి పీల్చుకొనును. మఱునాడు అదియే కొళాయిలో వచ్చును. కావున కట్టుట యొకనాటి పని, కాపాడుట నిత్యకృత్యము.

ఇప్పుడు మేము మొదట జెప్పిన హేతువును విన్నవింతుము. మన ఎచ్చెర్ల నేడు పల్లెగా మిగిలియుండలేదు. 2008లో అంబేద్కరు విశ్వవిద్యాలయము వెలసెను. తరువాత సాంకేతిక విద్యాలయమును వచ్చెను. జాతీయరహదారి వెంబడి క్రొత్త యిండ్లు లేచుచున్నవి. ప్రతి యింటివారును ముందుగా బోరునీటిని గూర్చి విచారింతురు. వాడిన నీరు ఏ గెడ్డలో పడునో, ఏ చెరువును చెఱుచునో విచారించువా రరుదు. ఊరు చిన్నదిగా నున్నప్పుడే వాలు చూచి త్రోవ విడిచినచో ఖర్చు స్వల్పము. ఇండ్లు నిండిన పిమ్మట కోట్లు పోసినను కష్టమే.

ఇందు కులసంఘములకు బాధ్యత లేదా యందురా? కలదు. మనుష్యునిచేత మలము నెత్తించుటను, రక్షణలేక మురుగుగుంటలోనికి దింపుటను 2013నాటి చట్టము నిషేధించెను. అయినను ఆ గుంటలలో ఊపిరాడక మరణించు అభాగ్యుల వార్తలు నేటికిని వినవచ్చుచున్నవి. వారందఱును ఇంచుమించు ఏ కులములవారో మన మెఱుగుదుము. సరిగా కట్టని కాల్వకు వారు ప్రాణము నప్పన మిచ్చుచున్నారు. మురుగునకు కులములేదు, దాని నెత్తువారికి మాత్రము కులమును అంటగట్టితిమి.

మన పెద్దలు తటాకమును సప్తసంతానములలో నొకటిగా నెన్నిరి. చలివేంద్రములు పెట్టు దాతలు మనలో నెందఱో కలరు. కల్యాణమండపమును, విద్యార్థి వసతిగృహమును కట్టించు పుణ్యాత్ములు శిలాఫలకముతోపాటు మురుగుత్రోవను గూడ పథకములో చేర్పించిన, అదియు తటాకప్రతిష్ఠకు తీసిపోని ధర్మము. నేలక్రింద నుండు కాల్వమీద దాత పేరు చెక్కుటకు చోటుండదు. పేరు కనబడని ఆ పనికి ఈ మహాసభ పూనుకొనునని ఆశించుచు, ఈ చరిత్రమును పాఠక మహాశయుల కర్పించుచున్నాము.