తానీషా ప్రభువు: ప్రతీతియు చరిత్రయు

శంషాబాదున 2008లో విమానాశ్రయము వెలసిన పిదప, దూరప్రాంతముల నుండి వచ్చు భక్తులు సమీపముననున్న అమ్మపల్లి సీతారామచంద్రస్వామిని సేవించి, గోలకొండ కోటలో రామదాసు బందిఖానాగా చూపబడు గదిని గూడ దర్శించుచుందురు. ఆ చీకటిగదిని చూచినవారికి భక్తునిపై జాలియు, అబుల్ హసన్ తానీషాపై ఆగ్రహమును కలుగుట సహజము. అయినను ఆ ప్రభువు క్రూరుడా?

అబుల్ హసన్ యౌవనమున షా రాజు అను సూఫీ గురువు నాశ్రయించి, సామాన్యునివలె జీవించెను. అబ్దుల్లా కుతుబ్ షాకు అల్లుడై, 1672లో సింహాసన మెక్కెను. తానీషా యన్నది గురువు ముద్దుగా పెట్టిన పేరని చెప్పుదురు. కాలక్రమమున హిందీలో ఆ మాటకు నియంత యను అర్థ మేర్పడినది. పేరునకు పట్టిన ఈ అపకీర్తి మనిషికిని అంటెను.

కంచెర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారుగా నుండి, శిస్తు సొమ్ముతో భద్రాద్రి ఆలయము కట్టించి చెరసాల పాలయ్యెనని ప్రసిద్ధి. ఆ కథ ప్రకారమే చూచినను అపరాధము బకాయియే కాని రామభక్తి కాదు. ఆ కాలమున రాజ్యభారము వహించినవారు అక్కన్న మాదన్నలను బ్రాహ్మణ సోదరులు. మతద్వేషి యైన రాజు వారిని అంతగా నమ్మియుండడు.

పండ్రెండేండ్ల చెర యను మాటయు పరిశీలింపదగినది. మాదన్న 1674లో ప్రధానియై, 1686లో హతుడయ్యెను. మేనమామల ప్రాపున గోపన్నకు ఉద్యోగము లభించినదనుట నిజమైనచో, శిస్తు వసూలు, ఆలయనిర్మాణము, కారాగారవాసము ఇవన్నియు ఆ పండ్రెండేండ్లలోనే ఇమిడియుండవలెను.

రామలక్ష్మణులు వచ్చి పైకము చెల్లించిరనుట చరిత్రకారుని కొలతకు లోబడునది కాదు. అది భక్తుల విశ్వాసము. ఆ కథలోనే ఒక విశేషము కలదు. ప్రత్యక్షదర్శనము లభించినది చెరలోని రామదాసునకు గాక తానీషాకే. భక్తలోకము ఆయనను ధన్యునిగనే తలచినది. శ్రీరామనవమికి ప్రభుత్వము ముత్యాల తలంబ్రాలు సమర్పించు ఆచారము ఆయనతోనే మొదలైనదని ప్రతీతి.

భోగలాలసుడని మొగలు చరిత్రకారులు వర్ణించిన ఈ ప్రభువే 1687లో ఔరంగజేబు ముట్టడికి ఎనిమిది మాసములు లొంగక నిలిచెను. కోట పడినది ద్రోహమువలన. పిదప దౌలతాబాదు కోటలో బందీయై, 1699లో అచ్చటనే కన్నుమూసెను. చెరవాసము ఆయనకును తప్పలేదు. రామదాసుని కీర్తి పెరుగుటకు రాజును దుష్టునిగా చిత్రింప నక్కరలేదు. ఆ భక్తి దానికదే సంపూర్ణము.