రాత్రి బాటకు కన్నులు పెట్టిన పెర్సీ షా

రాత్రివేళ పెద్ద రోడ్డుమీద ప్రయాణము చేయువారు బాట నడుమ వరుసగా మెరయు చిన్న బిళ్లలను చూచియుందురు. అట్టివాటిలో మిక్కిలి పేరుగాంచిన పిల్లి కన్ను అను సాధనమును కనిపెట్టిన పెర్సీ షా జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము.

ఇతడు 1890 ఏప్రిల్ 15వ తేదీన ఇంగ్లాండులోని హాలిఫాక్సు పట్టణములో జన్మించెను. తండ్రి బట్టలకు రంగులువేయు చోట కూలి. పిల్లలు అనేకులు, జీతము స్వల్పము. పెర్సీకి రెండేండ్లప్పుడు కుటుంబము బూత్‌టౌనులోని ఒక ఇంటికి చేరెను. అతడు ఇంచుమించు జీవితమంతయు ఆ యింటనే గడిపెను. 13 ఏండ్లకే బడి మాని మిల్లులో కూలికి కుదిరెను. తరువాత ఇనుపపనులు నేర్చెను. కొంతకాలమునకు తారు పరచి దారులు వేయు పని చేపట్టెను.

1933లో ఒక రాత్రి పొగమంచులో వంపుల బాటమీద వచ్చుచుండగా, కారు దీపము పడి పిల్లి కన్నులు మెరసెననియు, అతనికి బాట అంచు తెలిసెననియు చెప్పుదురు. ట్రాము పట్టాల మెరుపే అతనికి దారి చూపెడిదనియు, అవి తీసివేసిన పిమ్మట ఈ ఆలోచన పుట్టెననియు మరికొందరందురు. ఏది ఎట్లున్నను, 1934లో అతడు పేటెంటు పొంది, 1935లో కంపెనీ స్థాపించెను.

వెలుగును తిరిగి పంపు గాజుబిళ్ల క్రొత్తది కాదు. రిచర్డ్ హాలిన్స్ మర్రే అనునతడు 1927లోనే దానికి పేటెంటు పొందెను. అయితే గోడమీది బోర్డు వేరు, నేలమీది బాట వేరు. బాటమీద దుమ్ము పడును, చక్రము త్రొక్కును. నేడు మెరసినది కొలది దినములలో మసకబారును. షా చేసిన మేలు ఇక్కడనే యున్నది. అతడు నాలుగు గాజుబిళ్లలను, ప్రక్కకు రెండేసి చొప్పున, రబ్బరు దిమ్మలో అమర్చి, దానిని ఇనుప గూటిలో పెట్టి రోడ్డులో పాతెను. చక్రము ఎక్కినప్పుడు రబ్బరు క్రిందికి దిగును. గాజు పగులదు, పైగా రబ్బరు అంచు దానిని తుడుచును. గూటిలో నిలిచిన వాననీరు కడుగును. త్రొక్కు చక్రమే కన్ను తుడుచు చేయి ఆయెను.

మొదట అమ్మకము మందముగా నుండెను. 1939లో యుద్ధము వచ్చి దీపములు మూయవలసినప్పుడు దాని విలువ తెలిసెను. 1947లో రవాణా శాఖ ఉపమంత్రి జేమ్స్ క్యాలహాన్ దానికి ప్రోత్సాహమిచ్చెను. క్రమముగా ఏటికి పది లక్షలకు మించి తయారాయెను. 1965లో ప్రభుత్వము బిరుదునిచ్చెను. ధనము వచ్చినను షా ఇల్లు మారలేదు. నేలపై తివాచీయు, కిటికీకి తెరయు ఉంచలేదు. పెండ్లి చేసికొనలేదు. 1976 సెప్టెంబరు 1న ఆ యింటనే మరణించెను.

మన రోడ్ల తెల్లగీతలలోను వెలుగు తిరిగి పంపుటకు సన్నని గాజుపూసలు కలుపుదురు. వాటికి తమ్మును తాము తుడుచుకొను రబ్బరు లేదు. కోతలనాడు మనము ధాన్యము ఆరబోసి, చుట్టు రాళ్లు పెట్టినయెడల, ట్రాక్టరు చక్రముల బురద అక్కడనే విడిచినయెడల, ఆ కన్నులు మూతపడును. మోటారు సైకిలుపై వచ్చువాడు చీకటిలో రాయిని చూడడు. కళ్లము లేని రైతు కష్టము మేమెరుగుదుము. అయినను ప్రొద్దు క్రుంకకముందే గింజలు ఎత్తి, రాళ్లు తీసి, గీత కనబడునట్లు ఊడ్చుట మనచేతనగును. బండి వెనుక అంటించిన ఎర్ర రేకును గుడ్డతో తుడుచుటకు నిమిషము చాలును. ఆ నిమిషము ఒక ఇంటివాని ప్రాణము కాపాడవచ్చును.