జూలియస్ వోగెల్ – టపా యోడల తగవు

జూలియస్ వోగెల్ 1835లో లండను నగరమున జన్మించెను. బంగారు గనుల యాశతో 1852లో విక్టోరియాకు నేగి, 1861లో న్యూజీలండు చేరి, ఆ దేశపు మొదటి దినపత్రికను స్థాపించినవారిలో నొకడయ్యెను. 1869లో కోశమంత్రి యయ్యెను.

సూయజు మార్గపు టపా యోడలు ఆస్ట్రేలియా రేవులలోనే నిలిచిపోవుచుండెను. న్యూజీలండు జాబులు అచ్చట వేరొక యోడ నెక్కవలసినదే. వ్యయములో మాత్రము ఆ వలసరాజ్యమునకును పాలు తప్పదు. వోగెల్ దీనికి లొంగక శాన్ ఫ్రాన్సిస్కో మీదుగా పసిఫిక్ మార్గమును నెలకొల్పెను. విక్టోరియా ఆ వ్యయమున పాలుగొనలేదు. న్యూ సౌత్ వేల్సు కలిసివచ్చినను, ఓడల తుది రేవు సిడ్నీయా, న్యూజీలండా యను తగవు పుట్టెను. తుదకు 1875లో ఉభయులును వ్యయమును పంచుకొని యోడలు నడిపించిరి.

1873లో ప్రధానమంత్రియైన యీతడు 1899లో ఇంగ్లండున లేమిలో కన్నుమూసెను. పైకమిచ్చు ప్రజకు మార్గనిర్ణయమునందును మాట యుండవలె ననుటయే యాతని జీవితము నేర్పు పాఠము.