సర్ తామస్ మన్రో దొరగారి చరిత్రము

యుద్ధములలో జయముగాంచిన సేనానుల చరిత్రములను మన విద్యార్థులు మిక్కిలి ఆసక్తితో చదువుదురు. కాని కత్తితో సంపాదించిన దేశమును న్యాయముతో నిలుపుకొనుట కత్తిసాముకంటె కష్టతరమైన పని. ఆ పనియందు జీవితమునంతయు గడపిన మేజరు జనరలు సర్ తామస్ మన్రో దొరగారిని గూర్చి ఈ సంచికలో కొంత వ్రాయదలచితిమి.

మన్రో 1761 వ సంవత్సరము మే నెల 27 వ తేదీన స్కాట్లాండు దేశమందలి గ్లాస్గో పట్టణమున జన్మించెను. తండ్రి వర్జీనియాతో పొగాకు వర్తకము చేయుచుండెను. అమెరికా స్వాతంత్ర్య యుద్ధమువలన ఆ వర్తకము చెడి, కుటుంబము పేదరికమున పడెను. అందుచే గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదివిన ఆ యువకుడు ఈస్టిండియా కంపెనీవారి పదాతిదళమున కేడెటుగా చేరి, 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను.

ఆ సంవత్సరముననే హైదరాలీ కర్ణాటకముపై దండెత్తి వచ్చెను. మన్రో ఆ యుద్ధమునందంతటను పనిచేసెను. హైదరు 1782 డిసెంబరు 7 వ తేదీన, మన కాణిపాకమునకు దాపున, చిత్తూరు చెంతనున్న నరసింగరాయనిపేటలో మరణించిన సంగతి మన బాలురెరుగుదురు. తీరిక వేళలను మన్రో వ్యర్థపుచ్చక పారసీ, హిందూస్థానీ భాషలను నేర్చుకొనెను. ఈ భాషాజ్ఞానమే ఆయన అదృష్టమునకు కారణమయ్యెను. టిప్పువలన బారామహలు సీమ కంపెనీవారికి రాగా, దేశభాషలెరిగిన దొరలు అరుదగుటచే, 1792 లో కారన్‌వాలిస్ ప్రభువు కెప్టెను రీడుకు తోడుగా మన్రోను అచ్చటి పరిపాలనకు నియమించెను.

1800 లో నిజాము బళ్లారి, అనంతపురము, కడప మొదలగు సీమలను కంపెనీవారికి ఇచ్చివేసెను. ఇవియే దత్తమండలములు. 1911 లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు అందు చేరిన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు ఈ మండలములలోనివే. మన్రో ఏడేండ్లు వీనికి ప్రధాన కలెక్టరుగా నుండెను. అప్పుడచ్చట సుమారు ఎనుబదిమంది పాళెగాండ్రు సేనలను పోషించుచు స్వతంత్రులై మెలగుచుండిరి. మన్రో వారిని అణచెను. కొందరికి మాత్రము భరణములు ఏర్పరచెను. ఈ విషయమున ఆయన కాఠిన్యమును కంపెనీ డైరెక్టర్లే ఆక్షేపించిరి.

పిమ్మట ఆయన డేరాలతో ఊరూర తిరిగి పొలములను కొలిపించి, దళారీలు లేకుండ రైతుతోనే శిస్తు నిర్ణయించు రైతువారీ పద్ధతిని నెలకొల్పెను. పద్ధతి మంచిదేగాని శిస్తు బరువైనది. ఇది గ్రహించి, 1807 లో సెలవుపై పోవుటకు ముందు, నాల్గవ వంతు తగ్గింపవలెనని ఆయన సిఫారసు చేసెను. దొరతనమువారు అంగీకరింపక గ్రామములను గుత్తకిచ్చిరి. రైతులు చాల నష్టపడిరి. 1820 లో తాను చెన్నరాజధానికి గవర్నరయిన పిదప మన్రో ఆ తగ్గింపును అమలుపరచెను. పదుమూడేండ్లయినను రైతు బాధను మరువకుండుట కొనియాడదగినది.

ఈ నడుమ మహారాష్ట్ర యుద్ధమున బ్రిగేడియరు జనరలుగా కొద్దిపాటి సేనతో బాదామి, షోలాపురము మున్నగు కోటలను పట్టి, సేనానిగను కీర్తిగాంచెను.

గవర్నరుగా ఆయన చేసిన పనులలో విద్యార్థులు ముఖ్యముగా తెలిసికొనదగినది యొకటి కలదు. 1822 లో రాజధాని అంతటను బడుల లెక్క తీయించెను. 12,498 బడులున్నట్లు తేలెను. అయినను జనులలో అరువదియేడుగురికి ఒక్కడే చదువుచుండెను. ఉపాధ్యాయులకు తగిన శిక్షణయు, జీతమును లేకపోవుటయే లోపమని తలచి, 1826 లో చెన్నపట్టణమున ఉపాధ్యాయ శిక్షణాలయమును, ప్రతి తాలూకాలో ఒక బడిని స్థాపింప సంకల్పించెను. ఆయన తదనంతరము ఈ సంకల్పము చాలవరకు సాగకుండుట మన దురదృష్టము. స్వదేశీయులను పెద్ద ఉద్యోగములనుండి దూరముగా నుంచుట వారి శీలమును దిగజార్చునని 1824 లోనే ఆయన వ్రాసియుండెను.

1827 లో స్వదేశమునకు పోవుటకు ముందు, తాను ప్రేమించిన దత్తమండలములను కడసారి చూడగోరి బయలుదేరెను. త్రోవలో విషూచి సోకి జూలై 6 వ తేదీన పత్తికొండలో మరణించెను. గుత్తిలో సమాధి చేయబడిన ఆయన దేహము తరువాత చెన్నపట్టణపు సెంటుమేరీ దేవాలయమునకు కొనిపోబడెను. అశ్వారూఢమైన ఆయన విగ్రహము ఆ నగరమున నేటికిని నిలిచియున్నది.

ఆ సీమ రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడుకొనిరి. తిరుమలలోని మన్రో గంగాళమును గూర్చియు, మంత్రాలయములో ఆయనకు కలిగిన దర్శనమును గూర్చియు జనులు కథలు చెప్పుకొందురు. తమ మేలుకోరిన వారిని గూర్చియే జనులిట్టి కథలు అల్లుకొందురు గదా.

మన్రో పరదేశీయుల కంపెనీకి పన్ను రాబట్టిన ఉద్యోగి యనుట మరువరాదు. అయినను ప్రజల భాష నేర్చి, వారి ముంగిటికి పోయి, వారి మొర వినిన అధికారి యగుటచే ఆయన పేరు నిలిచెను. మన విద్యార్థులలో రేపు అధికారులు కాగలవారు ఈ మాటను మనసున నుంచుకొందురుగాక.