పెదవి చీలినా ఆగని పాట – లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్

పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వస్తే మనందరి చూపు ముందుగా ట్రంపెట్ ఊదే మనిషి మీదికే పోతుంది. ఆ వాద్యంతో ప్రపంచాన్ని మెప్పించిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఇంటికి దూరంగా, నలుగురు పిల్లల మధ్య ఉంటూ సంగీతం నేర్చినవారే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి రాయాలనుకున్నాం.

ఆయన 1901 ఆగస్టు 4న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో నిరుపేద నల్లజాతి కుటుంబంలో జన్మించారు. తండ్రి ఇల్లు విడిచిపోయాడు. పసితనంలో నాయనమ్మ సాకింది. చిన్నతనంలోనే బొగ్గు బండి మీద పనికి కుదిరారు. 1912 డిసెంబరు 31 రాత్రి వీధిలో పిస్తోలు పేల్చినందుకు పోలీసులు పట్టుకున్నారు. నల్లజాతి బాలురను శిక్షగా ఉంచే గృహానికి పంపారు. అక్కడ పీటర్ డేవిస్ అనే మాస్టారు ఆయన్ని బ్యాండులో చేర్చుకున్నారు. మొదట టాంబొరిన్, తర్వాత బ్యూగిల్, చివరకు కార్నెట్ చేతికిచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆ కుర్రాడు బ్యాండుకు నాయకుడయ్యాడు.

1922లో షికాగో వెళ్లి కింగ్ ఆలివర్ బృందంలో చేరారు. 1925 నుంచి సొంత బృందంతో ఇచ్చిన రికార్డులు జాజ్ సంగీతాన్నే మలుపు తిప్పాయి.

అయితే ఆ కీర్తి వెనుక ఒక నొప్పి ఉంది. ట్రంపెట్‌కు మీటలు మూడే. మిగతా పనంతా పెదవులదే. పెదవులు అదిరితేనే స్వరం పుడుతుంది. ఆయన మౌత్‌పీస్‌ను పెదవి మెత్తటి భాగం మీద ఆనించి, గట్టిగా అదిమి ఊదేవారు. అలా అదిమితే పై స్వరాలు పలుకుతాయి కానీ రక్తం ఆడక కండరం దెబ్బతింటుంది. 1933లో లండన్‌లో వేదిక మీదే ఆయన పెదవి చీలింది. 1934లో కొన్ని నెలలు పారిస్‌లో విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది.

పట్టు మార్చుకుంటే సరిపోయేది కదా అని మనకు అనిపించవచ్చు. అది అంత తేలిక కాదు. ఏళ్ల తరబడి ఒక తీరుకు అలవాటుపడిన కండరాలు కొత్త తీరుకు వెంటనే లొంగవు. నెలల తరబడి వచ్చిన పాట కూడా రానట్టే ఉంటుంది. ఆ నెలల్లో సంపాదన ఉండదు. పాత పట్టు పోయి, కొత్తది రాక మధ్యలో చిక్కుకున్న వాద్యకారులూ ఉన్నారు.

ఆర్మ్‌స్ట్రాంగ్ మళ్లీ ఓనమాల నుంచి మొదలుపెట్టలేదు. స్వరాల సంఖ్య తగ్గించి, ఉన్నవాటిని నిండుగా పలికించారు. గాత్రానికి ఎక్కువ చోటిచ్చారు. 1964లో ఆయన పాడిన 'హలో డాలీ' అమెరికాలో బీటిల్స్‌ను వెనక్కు నెట్టి మొదటి స్థానంలో నిలిచింది. 1971 జూలై 6న న్యూయార్క్‌లో కన్నుమూశారు. పెదవి చుట్టూ ఉండే కండరం చిరగడాన్ని 1982లో వైద్యులు ఆయన ముద్దుపేరుతో 'సాచ్మో సిండ్రోమ్' అన్నారు.

తమ్ముళ్లారా! మన బ్యాండులో బ్యూగిల్ పట్టేవారికి మా మాట ఒక్కటే. మొదటి రోజే మాస్టారి దగ్గర సరైన పట్టు నేర్చుకోండి. పెదవి నొప్పి పెడితే ఆపండి. తప్పు పట్టు పడిపోయి ఉంటే, పరీక్షలూ పోటీలూ లేని సెలవుల్లో, తెలిసినవారి ఎదుట, నెమ్మదిగా మార్చుకోండి. ఆయనకు దక్కని ఆ అవకాశం మనకుంది.